ఫిలిము నెగటివులను స్కానుచేయు విధము

మన యిండ్ల పెట్టెలలో పాత ఫిలిము నెగటివు లెన్నియో పడియున్నవి. వానిని కంప్యూటరులోనికి దింపుటకు స్కానరొక్కటియే చాలదు. సాఫ్టువేరునందలి యేర్పాటులను గుర్తెఱుగవలెను.

36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పుగల చిత్రమును అంగుళమునకు 2400 చుక్కల చొప్పున గ్రహించినచో సుమారు 77 లక్షల చుక్కలు లభించును. పది యంగుళముల పటమునకిది చాలును. ప్రతి వర్ణమునకును 8 బిట్లకు మాఱుగా 16 బిట్లు కోరినయెడల, 256 మెట్లకు బదులు 65,536 మెట్లు దొరకును. తరువాత నీడలను సవరించుట సులభము. రంగుల నెగటివునందు నారింజ ఛాయ యుండును గనుక, అది రంగుల ఫిలిమని సాఫ్టువేరునకు తెలుపనిచో చిత్రమంతయు నీలివన్నె యగును.

పరారుణ కిరణములతో దుమ్ము తుడుచు నేర్పాటు విషయమై మిక్కిలి జాగ్రత్త వలయును. రంగుల ఫిలిములోని వర్ణద్రవ్యములు ఆ కిరణములను పోనిచ్చును, ధూళి యడ్డగించును. దానినిబట్టి యంత్రము ధూళిని కనిపెట్టి చెఱపును. సాధారణమైన నలుపుతెలుపు ఫిలిమునందో, చిత్రమంతయు వెండి రేణువులే. వెండియు నడ్డగించును! ఈ సంగతి యెఱుగక నేను మా తల్లిగారి చిన్ననాటి చిత్రమును, ఉన్నదానినొక్కదానిని, స్కానుచేయగా తలలోని మల్లెపూలు అలికినట్లాయెను. తెల్లనివానియందే నెగటివున వెండి దట్టముగా నుండును గదా. అదృష్టవశమున నెగటివునకు హాని కలుగలేదు. ఆ యేర్పాటును తీసివేసి, మెత్తని కుంచెతో దుమ్ము దులిపి మఱల స్కానుచేసితిని. ఈసారి పూలు లెక్కింపవచ్చినంత స్పష్టముగా వచ్చినవి.