పెరటి పూవులు - గట్టు పూవులు

భాద్రపదము ముగియ వచ్చుసరికి మన ఆర్మూరు ప్రాంతమున పసుపు చేలు నడుమెత్తు పెరిగి యుండును. మహాలయ అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై సద్దుల బతుకమ్మతో ముగియు తొమ్మిది దినముల పండుగకు ఇంటింట పూవులు కావలెను. ఆ పూవుల శిఖరమున నుంచు గౌరమ్మను పసుపుతోడనే చేయుదురు. మనకు పసుపునకు కొదువ లేదు. కొదువ పూవులకే వచ్చుచున్నది. పూర్వము ఆడువారు పిల్లలతో గట్ల వెంట నడచి గంపలు నింపుకొనెడివారు. నేడు పెక్కుమంది గునుగును, తంగేడును సయితము అంగడిలో వెల యిచ్చి కొనుచున్నారు.

దీనికి కారణము మన చేతులలోనే యున్నది. చేనిలోని గునుగు కలుపే. దానిని తీయక తప్పదు. కాని కలుపుమందును చేనితో పాటు గట్లకును, బాటలకును, దొడ్డి మూలలకును కొట్టుట వలన అది నిలుచుటకు చోటు లేకపోయినది. 2014వ సంవత్సరమున బతుకమ్మ రాష్ట్ర పండుగయు, తంగేడు రాష్ట్ర పుష్పమును అయినవి. గౌరవము దక్కిన పూవునకు గట్టు మీద జానెడు చోటు దక్కకుండుట న్యాయమా?

కావున ప్రతి రైతు తన పెరటిలో ఒక మూలను పూవులకు విడువవలెను. గునుగు విత్తులు నల్లని సన్నని గింజలు. తొలకరి వానలకు వానిని చల్లి, పైని పలుచగా మన్ను కప్పిన చాలును. లేత ఆకు కూరకు పనికివచ్చును. వెన్నులు గింజ రాలక పూర్వమే పండుగకు కోసినచో చేనికి కలుపు వ్యాపింపదు. రెండు మూడు మొక్కలను మాత్రము మరుసటి యేటి విత్తనమునకై విడువుడు.

తంగేడు రాతి నేలను, ఎండను ఓర్చును. విత్తు పైపొర గట్టిది గనుక గరుకు రాతిపై కొద్దిగ రుద్ది, ఒక రాత్రి నానబెట్టి నాటవలెను. దాని ఆకు పచ్చిరొట్ట ఎరువగును.

బంతి నారును ఆషాఢమున పోసి శ్రావణమున నాటినచో పండుగ నాటికి పూవు అందును. మొక్క తల త్రుంచిన కొమ్మలు హెచ్చును. బంతి వేళ్లు నేలలోని కొన్ని జాతుల నులిపురుగులను అణచును. అయితే ఒకటి రెండు మొక్కల వలన ఈ ఫలము కలుగదు, మడి నిండ పెంచవలెను. పదునారు సాళ్ల టమాటకు ఒక సాలు బంతి వేసినచో కాయతొలుచు పురుగు బంతిపైకి మరలునని బెంగుళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వారు సూచించియున్నారు. రెండును ఒకేసారి పూచుటకు 45 దినముల బంతి నారును, 25 దినముల టమాట నారును కలిపి నాటవలెను.

గుమ్మడి పూవు విషయమున ఒక జాగ్రత్త. పూవు క్రింద చిన్న పిందె యున్నచో అది ఆడుపూవు. దానిని కోసిన కాయ పోవును. సన్నని కాడపై నున్న మగపూవులనే, అవియు కొన్ని విడిచి, కోయుడు. గుమ్మడి పూవు వేకువనే విచ్చి మధ్యాహ్నమునకు ముందే ముడుచుకొనును. ఆ కొద్ది సమయములో తేనెటీగ పుప్పొడిని మోసికొని వచ్చిననే కాయ నిలుచును. కనుక ఉదయము పురుగుమందు కొట్టుట మన పంటను మనమే చెరచుకొనుట యగును.

అయితే తనంత మొలచిన పూమొక్కలన్నియు మంచివి కావు. 1955వ సంవత్సరమున పూనాలో గుర్తింపబడి దేశమంతట వ్యాపించిన వయ్యారిభామ చర్మమునకు దురదను, కొందరికి ఉబ్బసమును కలిగించును. తెల్లని చిన్న పూవులు రాక పూర్వమే, చేతులకు తొడుగులు వేసికొని, వేళ్లతో పెరికివేయవలెను.

సోదరులారా! ఒక యింటి గునుగు ఒక బతుకమ్మకు చాలకపోవచ్చును. కాని సభ్యులందరు పండుగ పిమ్మట గుప్పెడేసి విత్తులు కూర్చి, తొలకరికి పంచుకొనినచో ఊరంతటికి చాలును. విత్తనము పంచుకొనుట సహకారమునకు కొత్త గాదు. ఈ యేడు గట్టుపై కలుపుమందు కొట్టుటకు ముందు ఇంటిలోని ఆడువారి నొక మాట అడుగుడు.