గుడ్డ మింగే శబ్దం, గోడ ఆపే శబ్దం

హోం థియేటర్‌లో ముందు చూసుకోవాల్సింది గది, పరికరాలు ఆ తర్వాతే. ఒక గదిలో మాటమాటా విడివిడిగా వినిపించిన స్పీకర్లే ఇంకో గదిలో అంతా ఒకటే మోతగా వినిపిస్తాయి. దుకాణంలో అంత బాగున్న సెట్టు ఇంటికొచ్చాక ఎందుకు పాడైందో చాలామందికి అంతుబట్టదు. సూరత్ దక్షిణ భాగంలో, ఉధనా దాటాక వచ్చే పాండేసరలో ఈ తేడా మరీ తెలుస్తుంది. జీఐడీసీ పారిశ్రామికవాడ, అందులో డైయింగ్, ప్రింటింగ్ మిల్లులు, చుట్టుపక్కల సాంచాల (మరమగ్గాల) షెడ్లు, వాటికి దగ్గర్లోనే ఇళ్లు. సాంచాల పని మీద కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి సూరత్ వచ్చి స్థిరపడ్డ పద్మశాలి కుటుంబాలు ఈ పాండేసర, ఉధనా, లింబాయత్ వైపే ఎక్కువ. ఊరికి వెళ్లాలంటే నవజీవన్ ఎక్స్‌ప్రెస్. ఊరి సినిమా ఇంటికి రావాలంటే మొదట 1995లో మొదలైన ఈటీవీ, ఇప్పుడు 2020లో వచ్చిన ఆహా, మిగతా ఓటీటీలు. రెండో తరం చేతిలో నాలుగు డబ్బులు ఆడి, మేడ మీద గది వేసుకుంటున్నప్పుడు అందులో పెద్ద తెర పెట్టాలన్న ఆలోచన రావడం సహజమే.

ఇక్కడి రో హౌస్‌కు వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. పక్కింటికీ ఈ ఇంటికీ మధ్య గోడ ఒక్కటే. ఉదాహరణకు 11 అడుగుల వెడల్పు, 17 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు ఉన్న మేడగది తీసుకుందాం. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ వేరు వేరుగా ఉండటం దీని అదృష్టం. గోడల మధ్య దూరాన్ని బట్టి ప్రతి గదిలోనూ కొన్ని లోతైన స్వరాలు ఉబ్బుతాయి. ఈ గదిలో అవి పొడవు వల్ల 33 హెర్ట్జ్ దగ్గర, వెడల్పు వల్ల 51 దగ్గర, ఎత్తు వల్ల 56 దగ్గర వస్తాయి. పది పది పదిగా కట్టిన చదరపు గదిలో మూడూ ఒకేచోట పడి, డప్పు దెబ్బ పడ్డప్పుడల్లా గదంతా ఒకే స్వరంలో గుమ్మంటుంది.

గుడ్డల ఊరు కాబట్టి ఇక్కడ ఎవరికైనా మొదట తట్టే ఉపాయం పరదాలు. చుట్టూ మందపాటి పరదాలు కట్టేస్తే సాంచాల చప్పుడు లోపలికి రాదు, సినిమా చప్పుడు బయటికి పోదు అనుకుంటారు. సగం సొమ్ము వృథా అయ్యేది ఇక్కడే. గుడ్డ గదిలోని మారుమోతను మింగుతుంది గానీ శబ్దాన్ని ఆపదు. ఆపేవి రెండే: బరువు, సందు లేకపోవడం. గోడ బరువు రెట్టింపైతే అడ్డుకునే శక్తి సుమారు 6 డెసిబెళ్లు పెరుగుతుంది. రెండు వైపులా ప్లాస్టరింగ్ చేసిన నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ దాదాపు 40 డెసిబెళ్లు, తొమ్మిది అంగుళాల గోడ 50 దాకా తగ్గించగలవు. బోలు ఫ్లష్ డోర్ 20 తగ్గిస్తే గొప్ప. తలుపు కింద అర అంగుళం సందు వదిలేసి గోడకు వేలు పోయడంలో అర్థం లేదు. లోపల నిండు చెక్క ఉన్న బరువైన తలుపు, చౌకట్టు చుట్టూ రబ్బరు బీడింగ్, గడప దగ్గర సందు మూసే పట్టీ, కిటికీకి లోపలి వైపు నాలుగంగుళాల ఎడంతో రెండో అద్దం, ఏసీ పైపు కోసం కొట్టిన కన్నం చుట్టూ పూడ్పు. ఖర్చు పెట్టాల్సింది వీటి మీద. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించడం మాత్రం ఎందుకూ పనికిరాని పని. బరువు లేని వస్తువు దేన్నీ ఆపలేదు.

సాంచాల సంగతి ఇంకొంచెం కష్టం. నాడె నిమిషానికి నూటికి పైగా సార్లు దెబ్బ తిని అటూ ఇటూ పరిగెత్తే పాత సాంచాల షెడ్డులో శబ్దం 90 డెసిబెళ్లు దాటుతుంది. అది గాలిలోనే రాదు. నేలలోంచి, పునాదిలోంచి వణుకుగా కూడా వస్తుంది. దానికి గోడ మందం మందు కాదు. గది లోపల ఇంకో గది కట్టి, దాన్ని రబ్బరు దిమ్మెల మీద నిలబెట్టే పద్ధతి స్టూడియోల్లో ఉంది. అది ఇరువైపులా అరడుగుకు పైగా మింగుతుంది కాబట్టి పదకొండు అడుగుల గదికి దండగ. షెడ్డుకు దూరంగా ఉన్న వైపు మేడగదిని ఎంచుకోవడమే చవకైన ఉపాయం.

మన చప్పుడు పక్కింటికి పోవడం ఇంకో ఎత్తు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు మించకూడదు. పారిశ్రామిక ప్రాంతంలో 75, 70. రాత్రంటే పది నుంచి ఉదయం ఆరు దాకా. సాంచాల మీద పన్నెండు గంటల షిఫ్టులు నడిచే చోట ఈ లెక్క పూర్తిగా కుదరదు. గోడ అవతల రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషి మధ్యాహ్నం నిద్రలో ఉంటాడు. సబ్‌వూఫర్‌ను ఉమ్మడి గోడకు ఆనించకుండా, కింద మందపాటి రబ్బరు వేసి పెట్టడం చట్టం అడగకపోయినా చేయాల్సిన పని.

బయటి శబ్దం సంగతి అయ్యాక లోపలి మారుమోత. టైల్స్ నేల, పుట్టీ పట్టిన గోడలు, కాంక్రీటు స్లాబు ఉన్న ఖాళీ గదిలో చప్పట్లు కొడితే ఆ మోత అణగడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. సినిమా చూసే చిన్న గదిలో అది అర సెకను లోపు ఉండాలి. ఈ లెక్కకు ఆద్యుడు హార్వర్డ్‌లో పాఠాలు చెప్పిన వాలెస్ సబైన్. 1895లో ఫాగ్ మ్యూజియం ఉపన్యాస శాలలో మాటలు వినబడటం లేదని విశ్వవిద్యాలయం ఆయనకు పని అప్పగించింది. దగ్గర్లోని శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు రాత్రిపూట మోయించుకొచ్చి, ఎన్ని పరిస్తే మోత ఎంత తగ్గుతుందో కొలిచి, తెల్లారేసరికి తిరిగి పంపించేవాడు. అందులోంచే సూత్రం పుట్టింది: గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలోని మొత్తం శోషణతో భాగించాలి. మన గది సుమారు 53 ఘనపు మీటర్లు. మోత 0.4 సెకనుకు దిగాలంటే 21 చదరపు మీటర్ల పూర్తి శోషణ కావాలి. సోఫా, తివాచీ, కూర్చున్న మనుషులు కొంత ఇస్తారు. మిగతాది గుడ్డతో, దూదిలాంటి పీచు పదార్థంతో తేవాలి.

గుడ్డ అసలు పని ఇక్కడ మొదలవుతుంది, ఇక్కడి జనానికి అది తెలిసిన విద్యే. గోడకు అంటించినట్టు వేలాడదీసిన పల్చటి పాలిస్టర్ ఏమీ చేయదు. గోడ వెడల్పు కన్నా రెట్టింపు గుడ్డ తీసుకుని కుచ్చిళ్లు పెట్టి, గోడకు నాలుగంగుళాల దూరంలో కడితే కీచుగా వినిపించే పైస్వరాలు అణుగుతాయి. కింది స్వరాలకు గుడ్డ చాలదు. 100 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు సుమారు మూడున్నర మీటర్లు. దాని ముందు పరదా లేనట్టే. అందుకని రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు చెక్క ఫ్రేములు చేయించి, ఘనపు మీటరుకు 48 కిలోల సాంద్రత ఉన్న రెండంగుళాల రాక్‌వూల్ పెట్టి, పైన గుడ్డ బిగిస్తారు. మూలల్లో ఇంకా మందంగా పెడితే మేలు. పై గుడ్డ గాలి ఆడేదై ఉండాలి. నోటికి ఆనించి ఊదితే ఊపిరి అవతలి అరచేతికి తగలాలి. పూత వేసిన బ్లాకౌట్ గుడ్డ ఈ పరీక్షలో తప్పుతుంది. కిటికీకి అది మంచిదే, ప్యానెల్‌కు పనికిరాదు. ప్యానెల్ ఎక్కడ పెట్టాలో అద్దం చెబుతుంది. ఒకరు సీట్లో కూర్చుంటే ఇంకొకరు పక్క గోడ వెంట అద్దం జరుపుతూ పోవాలి. కూర్చున్నవారికి అద్దంలో ఎక్కడ స్పీకరు కనిపిస్తే అక్కడ ఒక ప్యానెల్.

పాలిస్టర్‌కు ఒక చెడ్డ గుణం ఉంది. మంటకు కరిగి, చుక్కలుగా కారుతుంది. గోడలకు అంటించే చవక ఫోము ఇంకా ప్రమాదం, దాని పొగే విషం. 2019 మే 24న సూరత్ సర్థాణాలోని తక్షశిల భవనంలో మంటలు రేగినప్పుడు దారి లేక పిల్లలు పై అంతస్తు నుంచి దూకారు. 22 మంది చనిపోయారు. కాబట్టి గుడ్డ మంట అంటుకోకుండా శుద్ధి చేసినదై ఉండాలి, ప్యానెళ్ల వెనక వైరు జాయింట్లు ఉండకూడదు, కిటికీని శాశ్వతంగా మూసేయకూడదు, తలుపు లోపలి నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకోవాలి.

తెర విషయంలో లెక్క సులువు. 100 అంగుళాల తెర వెడల్పు 2.2 మీటర్లు; పది అడుగుల నుంచి పదమూడున్నర అడుగుల దూరంలో కూర్చుంటే సినిమా హాలు అనుభూతి వస్తుంది. 55 అంగుళాల టీవీకి అదే దూరం ఐదున్నర నుంచి ఏడున్నర అడుగులు. ప్రొజెక్టర్ డబ్బా మీద వేలకు వేలు ల్యూమెన్లు రాసి అమ్ముతుంటారు. పూర్తి చీకటి గదిలో ఈ తెరకు సినిమా హాలు ప్రమాణమైన 48 నిట్ల వెలుగు రావడానికి అసలైన 420 ల్యూమెన్లు చాలు. దీపం పాతబడి మసకబారుతుంది కాబట్టి 1,000 ఏఎన్‌ఎస్‌ఐ ల్యూమెన్లు ఉంటే నిశ్చింత. తెల్ల సీలింగు తెర వెలుగును తిరిగి తెర మీదికే కొట్టి నలుపును బూడిద రంగు చేస్తుంది. తెర దగ్గర సీలింగుకూ గోడలకూ మెరుపు లేని ముదురు రంగు వేయాలి, అక్కడ శాటిన్ వద్దు.

స్పీకర్లలో ముందరి రెండూ సీటు నుంచి చూస్తే నడిమికి చెరో 30 డిగ్రీలు, పక్కవి 110 డిగ్రీల దగ్గర, చెవికన్నా కాస్త పైన ఉండాలి. 2012లో థియేటర్లకు, 2014లో ఇళ్లకు వచ్చిన డాల్బీ అట్మాస్‌కు సీలింగులో ఇంకో రెండు కావాలి. ‘బాహుబలి’ లాంటి సినిమాలు అట్మాస్‌లో ఉన్నాయి గానీ, మధ్య స్పీకర్‌తో కలిపి మొదటి ఐదూ సరిగ్గా కుదరని గదికి పైన రెండు తగిలించి లాభం లేదు. సీటును వెనక గోడకు ఆనించకూడదు, సరిగ్గా గది మధ్యలోనూ వేయకూడదు. తలకన్నా ఎత్తు వీపున్న రిక్లైనర్లు పక్క స్పీకర్లను చెవికి అందనివ్వవు. చుట్టాలొస్తే పిల్లలకు ముందు పరుపు వేయడం ఎలాగూ తప్పదు కాబట్టి తెర కింది అంచు మరీ దించకపోవడం మంచిది.

ప్లాస్టరింగ్‌కు ముందే కేబుళ్ల కోసం ఒకటిన్నర అంగుళాల పైపులు గోడలో వేసి ఉంచాలి. పది మీటర్లు దాటే హెచ్‌డీఎంఐకి మామూలు రాగి కేబుల్ నమ్మదగింది కాదు, ఫైబర్ కేబుల్ కావాలి. ఆంప్లిఫయరు, ప్రొజెక్టర్, సబ్‌వూఫర్ మూడూ ఒకే ఎర్తింగ్ మీద ఉంటే హమ్మింగ్ రాదు. మూసిన గదిలో ఐదుగురు కూర్చుంటే ఏసీ ఒక్కటే చాలదు, బయటి గాలి వచ్చే వంపులు తిరిగిన దారి ఉండాలి. వానాకాలం ముందు గోడల చెమ్మ చూసుకోకపోతే ప్యానెళ్ల వెనక బూజు పడుతుంది.

అన్నీ బిగించాక సబ్‌వూఫర్‌ను తీసుకెళ్లి సీట్లో పెట్టి, పాట వేసి, నేల మీద పాకుతూ గది అంచుల వెంట వినాలి. కింది స్వరం ఎక్కడ నిండుగా, బిగువుగా వినిపిస్తే దాని చోటు అదే. ఆంప్లిఫయరుతో వచ్చే మైకు మిగతా స్పీకర్ల దూరాలు, మట్టాలు సరిచేస్తుంది. ఇంట్లో పెద్దలు ఏళ్ల తరబడి సాంచాల మీద పనిచేసినవారైతే చేత్తో ఇంకో దిద్దుబాటు చేయాలి. మోతలో పనిచేసిన చెవి మొదట 4,000 హెర్ట్జ్ ప్రాంతంలో దెబ్బ తింటుంది; స, త, క లాంటి హల్లుల స్పష్టత పైస్వరాల్లోనే ఉంటుంది. అందుకే వాళ్లకు శబ్దం వినపడుతుంది, మాట తెలియదు. మొత్తం వాల్యూమ్ పెంచితే ఫైటు మోత పెరిగి పక్కింటివాళ్లు లేస్తారు. మాటలు వచ్చే మధ్య స్పీకర్‌ను మాత్రం రెండు మూడు డెసిబెళ్లు పెంచాలి, రాత్రి పూట ఆంప్లిఫయరులోని నైట్ మోడ్ వేయాలి. అప్పటికీ అందకపోతే ఓటీటీలో తెలుగు సబ్‌టైటిల్స్ ఉన్నచోట వాటిని పెట్టుకోవచ్చు.