ఎండు ఫలములు: తూకమా, కొలతా?

మన గృహిణులకు వంటలో చేతి అంచనాయే ప్రమాణము. పాయసములో నాలుగు కిస్‌మిస్‌లు హెచ్చినను, తగ్గినను నష్టము లేదు. కాని అదే ద్రాక్ష ఔషధములో చేరునప్పుడును, మధుమేహము గలవారి ఆహారములో చేరునప్పుడును లెక్క తప్పరాదు. "పలము ద్రాక్ష అని వ్రాసినారు, అది మా ఇంటి కప్పుతో ఎంత?" అని నన్ను అడుగువారు అనేకులు. అడుగవలసిన ప్రశ్నయే.

ముందుగా పలము సంగతి. వెనుకటి అంగళ్ళలో మూడు తులములు ఒక పలము, అనగా సుమారు 35 గ్రాములు. శాస్త్రములో నాలుగు కర్షములు ఒక పలము. భారత ప్రభుత్వము 1978లో ప్రకటించిన ఆయుర్వేద యోగముల గ్రంథము కర్షమును 12 గ్రాములుగా, పలమును 48 గ్రాములుగా నిర్ణయించినది. ఔషధమునకు ఈ రెండవదియే గ్రాహ్యము.

ఇక కప్పు. నీటికి గ్రాము, మిల్లీలీటరు ఇంచుమించు ఒకటే. 240 మి.లీ. కప్పు నిండుగా నీరు పోసిన 240 గ్రాములు తూగును. అదే కప్పులో కిస్‌మిస్ వదులుగా పోసిన సుమారు 145 గ్రాములే. గింజల నడుమ గాలి నిలుచుటయే కారణము. అదిమి నింపినచో 165 గ్రాముల వరకు పట్టును. ముక్కలు చేసిన ఖర్జూరము కూడ 145 గ్రాములకు అటునిటుగా ఉండును. కావున వంటల పుస్తకములో 100 గ్రాముల కిస్‌మిస్ అని ఉన్నచో, కప్పులో మూడింట రెండు వంతులకు కొంచెము పైన తీసికొనవలెను.

ఈ భేదము ఎచ్చట బాధించునో చూడుడు. శార్ఙ్గధర సంహితలో మంథము చేయు విధానము గలదు. ఒక పలము ద్రవ్యమును దంచి, నాలుగు పలముల చల్లని నీటిలో మట్టిపాత్రయందు చిలికి, రెండు పలములు త్రాగవలెను. ఒకటికి నాలుగు అనగానే కప్పు ఫలములకు నాలుగు కప్పుల నీరు పోయువారు గలరు. అట్లు చేసిన నీరు తూకములో ఆరున్నర రెట్లగును, మంథము పలుచనై గుణము తగ్గును. ఖర్జూరము, ద్రాక్ష కలిపి చేయదలచినవారు ఒక్కొక్కటి 24 గ్రాములు తీసికొనవలెను. వదులుగా కొలిచిన, 15 మి.లీ. పట్టు పెద్ద చెంచాతో ద్రాక్ష రెండున్నర చెంచాలకు కొంచెము పైన అగును. నీరు 192 మి.లీ., అనగా ముప్పావు కప్పు దాటి కొంచెము.

మధుమేహము గలవారికి ఈ లెక్క మరింత ముఖ్యము. కిస్‌మిస్ తూకములో సగమునకు పైగా చక్కెరయే. అదిమిన కప్పుకును, వదులు కప్పుకును గల 20 గ్రాముల తేడాలో 10 గ్రాములకు మించిన చక్కెర దాగియున్నది. అట్టివారు ఎండు ఫలములను వైద్యుని అడిగి, తూచియే తినవలెను. పైన చెప్పిన మంథము వారికి తగదు.

ఇంట త్రాసు లేనివారికి ఒక ఉపాయము. అంగడిలో 100 గ్రాముల కిస్‌మిస్ పొట్లము కొని, మీరు నిత్యము వాడు కప్పులో అదమక పోసి, ఎంతవరకు వచ్చినదో గీత గీయుడు. ఖర్జూరమునకు, అంజూరమునకు వేరువేరుగా ఇట్లే చేయవలెను, ఒకదాని గుర్తు మరొకదానికి పనికిరాదు. గిద్దె, సోల వాడువారికిని ఇదే పద్ధతి. ఆ పాత్రలు ప్రాంతమును బట్టి మారును గనుక, పొరుగింటి లెక్క మీకు చెల్లదు.

మరి రెండు జాగ్రత్తలు. ఖర్జూరమును గింజ తీసిన పిమ్మటనే తూచవలెను. ద్రాక్షను నానబెట్టుటకు ముందే తూచవలెను, నానినది నీరు పీల్చి బరువెక్కును. ఈ లెక్కలను ఒక చీటిపై వ్రాసి డబ్బా మూతకు అంటించినచో, ఇంటిలో ఎవరు వండినను, ఎవరు మందు చేసినను మోతాదు ఒక్కటిగానే ఉండును.