జగ్తుగుడ నుంచి జగ్‌దల్‌పూర్ దాకా: పట్నంలో కలిసిన పల్లెలు

బదిలీల మీద తిరిగే మన కుటుంబాలకు కొత్త ఊళ్లో ముందు తెలిసేవి మూడే: క్వార్టర్ నంబరు, బడి బస్సు ఆగే చోటు, సంత జరిగే రోజు. మూడు నాలుగేళ్లు గడిచేసరికి సామాను మళ్లీ లారీ ఎక్కుతుంది. మనం రాకముందు ఆ ఊరు ఎలా ఉండేది, ఆ నేల ఎవరిది అని అడిగే తీరికే దొరకదు. ఈసారి మనం ఉంటున్న బస్తర్ గురించే, అందులోనూ జగ్‌దల్‌పూర్ గురించే అడిగి చూద్దాం. ఈ పట్నం చరిత్రంతా ఒకదాని తరవాత ఒకటిగా పల్లెలు కలిసిపోయిన చరిత్రే.

పేరులో దాగిన పల్లె

ఇప్పుడు జిల్లా కేంద్రమైన జగ్‌దల్‌పూర్ ఒకప్పుడు ఇంద్రావతి ఒడ్డున ఉన్న చిన్న పల్లె. పేరు జగ్తుగుడ. ఇక్కడ ‘గుడ’ అంటే చిన్న పల్లె. మన ‘గూడెం’ గుర్తుకు వస్తోంది కదూ! ఆ పల్లె పెద్ద మహారా కులానికి చెందిన జగ్తు. అడవి మృగాల బాధ పడలేక అతను బస్తర్ రాజు దల్‌పత్ దేవ్‌ను ఆశ్రయించాడనీ, చూడవచ్చిన రాజుకు ఈ చోటు నచ్చిందనీ ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. 1770 ప్రాంతంలో రాజధాని ఇక్కడికి మారింది. జగ్తులోని ‘జగ్’, దల్‌పత్‌లోని ‘దల్’ కలిసి జగ్‌దల్‌పూర్ అయిందంటారు. అంతకుముందు రాజధానిగా ఉన్నది రాయపూర్ దారిలోని బస్తర్ అనే ఊరు. రాజధాని పోయినా జిల్లాకు ఆ ఊరి పేరే నిలిచింది.

ఈ కథలో మనకు ఒక బంధుత్వం కూడా ఉంది. బస్తర్ రాజవంశానికి మూలపురుషుడు అన్నమదేవుడు. ఆయన ఓరుగల్లు కాకతీయ ప్రతాపరుద్రుడి తమ్ముడనీ, 1323లో ఓరుగల్లు పడిపోయాక ఇటు వచ్చాడనీ ఆ వంశ చరిత్ర చెబుతుంది. అంటే తెలుగువాళ్లు ఇక్కడికి రావడం కొత్త సంగతి కాదు.

పల్లె పట్నం ఎలా అవుతుంది?

పల్లె ఒక్క రోజులో పట్నం కాదు. సాధారణంగా ముందు దారి వస్తుంది. దారి వెంట ఒక ఆఫీసో కాలేజీయో కర్మాగారమో వస్తుంది. అక్కడ పనిచేసేవాళ్ల కోసం ఇళ్లు, ఇళ్ల కోసం దుకాణాలు వస్తాయి. పొలాలు ప్లాట్లుగా మారతాయి. చివరికి ఒక ప్రభుత్వ ఉత్తర్వుతో పట్నం సరిహద్దు ఆ పల్లెను దాటి ముందుకు జరుగుతుంది. కాగితం మీద మార్పు చివరి మెట్టు మాత్రమే. నేల మీద మార్పు అప్పటికే జరిగిపోయి ఉంటుంది.

జగ్‌దల్‌పూర్‌లోనూ ఇంతే. రుద్రప్రతాప్ దేవ్ పాలించిన కాలంలో (1891-1921) ఇక్కడ వెడల్పాటి వీధులు, కూడళ్లు వేశారు. అందుకే దీన్ని ‘చౌరాహాల నగరం’ అంటారు. చౌరాహా అంటే నాలుగు దారుల కూడలి. 1960లలో బైలాడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు చేర్చడానికి కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం పడింది. ఆ దారిన ఖనిజం అటు వెళ్లింది, ఉద్యోగాల కోసం మనవాళ్లు ఇటు వచ్చారు. 2004లో జగ్‌దల్‌పూర్ నగరపాలక సంస్థ అయింది. 2008లో బస్తర్ విశ్వవిద్యాలయం పేరుతో వచ్చిన విశ్వవిద్యాలయం ధరమ్‌పురాలో ఉంది. డిమ్రాపాల్ అనే పల్లె పేరు చెబితే ఈనాడు అందరికీ గుర్తొచ్చేది మెడికల్ కాలేజీ ఆసుపత్రి. 2011 జనాభా లెక్కల నాటికే పట్నంలో సుమారు 1.25 లక్షల మంది ఉన్నారు.

ఏది మిగులుతుంది?

మొదట మిగిలేది పేరు. హల్బీలో, ఛత్తీస్‌గఢీలో ‘పారా’ అంటే ఊళ్లో ఒక పేట. కుమ్హార్‌పారా అంటే కుమ్మరిపేట. మన హైదరాబాదులోని మాదాపూర్, కొండాపూర్ కూడా పల్లెల పేర్లే. ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో పొజ్న్యాకి, ఒసోకోర్కి అనేవి ఇప్పుడు మెట్రో స్టేషన్లు. ఒకప్పుడు అవీ పల్లెలే.

రెండోది నీరు. పట్నం మధ్యలో ఉన్న దల్‌పత్ సాగర్ రాజు పేరు మీద వెలసిన చెరువు. చుట్టూ పొలాలున్నంత కాలం వాన నీరు నేల మీదుగా పారి చెరువు చేరుతుంది. ఇళ్లు, సిమెంటు రోడ్లు వచ్చాక వాన నీటి దారులు మూసుకుపోతాయి, వాటికి బదులు మురుగు వచ్చి చేరుతుంది. మురుగు తిని గుర్రపుడెక్క పెరుగుతుంది. దల్‌పత్ సాగర్‌కూ ఈ కష్టం వచ్చింది. ఊరివాళ్లు, అధికారులు కలిసి గుర్రపుడెక్క తీసే పనికి దిగాల్సి వచ్చింది.

మూడోది పండుగ. 75 రోజులు జరిగే బస్తర్ దసరాలో పట్నం పల్లెలకు ఎంత రుణపడి ఉందో కనిపిస్తుంది. రథాన్ని కట్టేది బేడా ఉమర్‌గావ్, ఝార్ ఉమర్‌గావ్ గ్రామాలవాళ్లు. తొమ్మిది రోజులు గోతిలో కూర్చుని దీక్ష చేసే జోగి ఆమాబాల్ గ్రామం నుంచి వస్తాడు. విజయదశమి రాత్రి ఆదివాసులు రథాన్ని కుమ్‌డాకోట్‌కు లాక్కుపోతారు. మర్నాడు రాజవంశీకులు అక్కడికి వెళ్లి, వాళ్లతో కలిసి కొత్త బియ్యపు అన్నం తిన్నాకే రథం తిరిగి వస్తుంది. కుమ్‌డాకోట్ ఒకప్పుడు ఊరి బయటి అడవి. పట్నం పెరిగి దాని దాకా వచ్చింది గానీ, రథం కోసం అక్కడికి వెళ్లే ఆచారం మారలేదు.

ఏది పోతుంది?

పట్నంలో కలిస్తే లాభాలున్నాయి: కొళాయి నీళ్లు, వీధి దీపాలు, దగ్గరలో ఆసుపత్రి, కాలేజీ. పోయేది మాత్రం కంటికి కనబడదు. అది గ్రామసభ.

బస్తర్ రాజ్యాంగంలోని అయిదో షెడ్యూలు కిందకు వచ్చే ప్రాంతం. 1996లో వచ్చిన పెసా చట్టం ప్రకారం ఇలాంటి చోట ప్రాజెక్టులకు భూమి తీసుకునే ముందు గ్రామసభను గానీ పంచాయతీని గానీ సంప్రదించాలి. అడవిలో దొరికే చిన్న ఫలసాయం మీద, చిన్న చెరువుల మీద కూడా వాటికి అధికారాలున్నాయి. కానీ పెసా పంచాయతీలకే వర్తిస్తుంది. ఇలాంటి ప్రాంతాల్లోని పట్నాల కోసం 2001లో పార్లమెంటులో ఒక బిల్లు పెట్టారు గానీ అది చట్టం కాలేదు. అందువల్ల పల్లె వార్డుగా మారిన రోజున, చెట్టు కింద అందరూ కూర్చుని మాట చెప్పే హక్కు పోయి, అయిదేళ్లకొకసారి కౌన్సిలరుకు ఓటు వేసే హక్కు మిగులుతుంది.

మన సంగతి

ఇందులో మన పాత్ర కూడా ఉంది. జగ్‌దల్‌పూర్‌కు సుమారు 16 కిలోమీటర్ల దూరంలోని నగర్‌నార్‌లో ఉక్కు కర్మాగారానికి 2003లో శంకుస్థాపన జరిగింది. 2023 అక్టోబర్ 3న దాన్ని జాతికి అంకితం చేశారు. ఏడాదికి 30 లక్షల టన్నుల సామర్థ్యం ఉన్న ఆ కర్మాగారం నిలిచింది నగర్‌నార్, దాని పక్క పల్లెల పొలాల మీద. కర్మాగారమైనా, రైల్వే కాలనీ అయినా, బలగాల క్యాంపు అయినా ఖాళీ నేల మీద రాలేదు. అమ్మానాన్నల ఉద్యోగాలు దేశానికి అవసరమైనవే, అందులో సిగ్గుపడాల్సింది లేదు. అయితే మన పెరటి గోడ కింద ఎవరి పొలం గట్టు ఉందో తెలుసుకోవడం కనీస మర్యాద.

అందుకే పిల్లలూ, ఏ ఊరు వెళ్లినా నాలుగు ప్రశ్నలు అడగండి. మనం ఉంటున్న కాలనీ పాత పేరేమిటి? ఇక్కడి చెరువు ఏది, దానికి నీరు ఏ దారిన వస్తుంది? ఊరి దేవత గుడి ఎక్కడుంది? ఇక్కడ సేద్యం చేసినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు? కూరలమ్మే అమ్మమ్మనో, బడిలో పనిచేసే అన్ననో, మీ పక్క బెంచీలో కూర్చునే స్థానిక స్నేహితుడినో అడిగితే పుస్తకాల్లో లేని జవాబులు దొరుకుతాయి. వాటిని ఒక నోటుపుస్తకంలో రాసుకోండి, చెప్పినవాళ్ల ఊరి పేరుతో సహా. బదిలీ ఉత్తర్వు వచ్చినప్పుడు సామానుతో పాటు ఆ పుస్తకాన్నీ పెట్టెలో పెట్టుకోండి.