చివరి పాతిక మీటర్లు

నేను ఈత నేర్చుకుంది బందరు కాలువలో. నడుముకి ఎండు సొరకాయ బుర్రలు కట్టి మా బాబాయి నీళ్లలోకి తోసేశాడు. ఆ దసరా సెలవులు అయ్యేసరికి బుర్రలు లేకుండానే అవతలి గట్టుకి వెళ్లి వచ్చేవాణ్ణి. అందుకే నలభై ఏడో ఏట మాస్టర్స్ పోటీల్లో వంద మీటర్ల ఫ్రీస్టైల్‌కి పేరిచ్చినప్పుడు దమ్ము సంగతి నాకు బెంగే లేదు. గంటసేపు ఆగకుండా ఈదేవాడికి వంద మీటర్లు ఓ లెక్కా!

మా స్విమ్మింగ్ పూల్ పాతిక మీటర్లది. మొదటి రెండు ల్యాపులు 33 సెకన్లలో లాగించేశాను. మూడో ల్యాపులో భుజాలు బరువెక్కాయి. నాలుగోది ఈత కాదు, నీళ్లతో కుస్తీ. మొత్తం 1 నిమిషం 14 సెకన్లు. గట్టు పట్టుకుని రొప్పుతుంటే స్టాప్‌వాచ్‌తో మా కోచ్ వచ్చి గొంతుక్కూర్చున్నాడు. నాకన్నా ఇరవై ఏళ్లు చిన్న, అమలాపురం కుర్రాడు.

"దమ్ము లేక కాదండీ. ఒకటో తారీఖునే జీతమంతా ఊదేస్తే ఇరవయ్యో తారీఖుకి ఏం మిగులుద్దండీ? మొదటి ల్యాపుకి 17 బారలేశారు, ఆఖరిదానికి 26. నేను లెక్కెట్టాను."

ఆ జీతం లెక్క ఒంట్లో ఎలా నడుస్తుందో తర్వాత తెలిసింది. కండరాల్లో సిద్ధంగా ఉండే ఇంధనం గట్టిగా ఈదితే పది సెకన్లకే అడుగంటుతుంది. ఆ పైన ఒళ్లు చక్కెరను ఆక్సిజన్ లేకుండా హడావిడిగా విరగ్గొట్టుకుంటుంది. శక్తి వస్తుంది, దాంతోపాటు కండరంలో ఆమ్లత్వమూ పెరుగుతుంది. చేతులు మన మాట విననిది అప్పుడే. పాపం లాక్టేట్‌ని అందరూ తిడతారు గానీ, దాన్నీ ఒళ్లు ఇంధనంగా వాడుకుంటుంది. రేసు సాగేకొద్దీ ఊపిరితో వచ్చే ఆక్సిజన్ వాటా పెరుగుతుంది. కాబట్టి కాలువ ఈత వృథా కాదు. అదొక్కటే చాలదంతే.

మహామహులకీ ఈ బాధ తప్పదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చైనా కుర్రాడు పాన్ జాన్‌లె వంద మీటర్లు 46.40 సెకన్లలో ఈది ప్రపంచ రికార్డు కొట్టాడు. మొదటి యాభై 22.28, రెండో యాభై 24.12. డైవ్ వేసి దూకడం వల్ల మొదటి సగానికి కొంత వేగం ఎలాగూ కలిసొస్తుంది. అది పోను అతను జారింది కొంచెమే. నాకు రెండో సగం 41 పట్టింది.

మా కోచ్ నా చేత దూరం తగ్గించి, విరామాలు పెట్టించాడు. పాతిక మీటర్లు రేసు వేగంతోనే, అంటే పదిహేడున్నర సెకన్లలో ఈదాలి. అర నిమిషం ఆగాలి. మళ్లీ ఈదాలి. అలా పదహారుసార్లు. టైమ్ తప్పితే ఓ వంతు కూర్చోవాలి. వరసగా రెండుసార్లు తప్పితే ఆ రోజుకి ఆట కట్టు. మొదటివారం తొమ్మిదో వంతుకే నన్ను గట్టెక్కించేశాడు. నాకు కోపం వచ్చింది, ఇంకా ఈదగలను కదా అని. "నీరసంగా ఈదితే నీరసమే అలవాటవుద్దండీ" అన్నాడు. ఈ ముక్క ఒప్పుకోడానికి నాకు నెల పట్టింది. వారంలో ఒకటి రెండు రోజులు మాత్రం తీరిగ్గా కిలోమీటరున్నర ఈదనిస్తాడు, త్వరగా తేరుకునే శక్తి పెరగాలని.

యాభై మీటర్ల రేసు కథ వేరు. ఆస్ట్రేలియా ఈతగాడు కామెరాన్ మెకెవాయ్ కిలోమీటర్ల ఈత బాగా తగ్గించి, జిమ్‌లో బలం పెంచుకుని, అదే పారిస్‌లో ముప్ఫయ్యో ఏట 21.25 సెకన్లతో బంగారు పతకం కొట్టాడు. అది చదివి మా పూల్‌లో కుర్రాళ్లు ల్యాపులు మానేద్దామని చూశారు. అంతకుముందు ఏళ్ల తరబడి ఆయన ఈదిన కిలోమీటర్లు మాత్రం వాళ్లకి కనిపించలేదు.

ఇంకో పిచ్చి, దమ్ము పెరుగుతుందని ఒంటరిగా నీళ్లలో ఊపిరి బిగబట్టడం. గబగబా శ్వాస పీల్చి వదిలి మునిగితే, ఊపిరి కావాలన్న కబురు అందకముందే స్పృహ తప్పొచ్చు. మా బాబాయి కాలంలో దీన్ని పౌరుషం అనేవాళ్లు. నేనైతే పూల్‌లో ఎవరు చేసినా అరుస్తాను.

మొన్న మా కోచ్ మళ్లీ టైమ్ తీశాడు. మొదటి సగం 34, రెండోది 37. నాలుగో ల్యాపుకి 22 బారలు. కోచ్ ఇరవై అంటాడు.