విద్యార్థుల భోజనశాలలు – మాంసమితి

ఇంగ్లండునందలి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు 2016 అక్టోబరులో తమ భోజనశాలలనుండి గోమాంసమును, గొఱ్ఱెమాంసమును తొలగించిరి. నిలుకడగ లభింపని జాతుల చేపలను తగ్గించిరి. వంటవారికి శాకపాకములందు శిక్షణ మొసగిరి. ఇందులకు మతాచారము కారణము గాదు. ఆవులు, గొఱ్ఱెలు నెమరువేయు జంతువులు. వాని కడుపులో మేత పులియునపుడు మీథేను వాయువు పుట్టి, ఆకాశమున జేరి భూమిపై వేడిమిని నిలుపుచున్నది. వాని మాంసమునకు వలయు భూమియు, అంతే మాంసకృత్తుల నొసగు పప్పుధాన్యములకు వలయు భూమికంటె ననేక రెట్లధికము.

ఫలిత మెట్లుండెను? 2019లో వెలువడిన నివేదికనుబట్టి, కొనిన యాహారము కిలో ఒక్కింటికి కర్బనవాయువుల భారము నూటికి 33 వంతులును, భూవినియోగము 28 వంతులును తగ్గినవి.

ఈ నిర్ణయము విశ్వవిద్యాలయము స్వయముగ నడుపు భోజనశాలలకే చెల్లును. అచ్చటి కళాశాలలు తమ వంటశాలలను తామే నడపుకొనుచున్నవి. అట్టి కళాశాలల భోజనశాలలు మూడింట జరిగి, 2019లోనే ప్రకటితమైన పరిశోధనము మాకు మఱింత బోధకముగ దోచుచున్నది. అందు దాదాపు 95 వేల భోజనములను లెక్కించిరి. నాలుగు వంటకములలో ఒకటి శాకాహారముగ నున్నచోట రెండు శాకాహారములను చేసినంతనే, శాకభోజనముల విక్రయము నూటికి 40 మొదలు 80 వంతులవఱకు పెరిగెను. మొత్తము విక్రయము మాత్రము చెప్పుకొనదగినంతగ మాఱలేదు. మాంసము కోరినవారికి మాంసము దొరకుచునే యుండెను. అంతవఱకు శాకభోజనమును అరుదుగ నెన్నుకొనుచుండినవారిలోనే యీ మార్పు అధికముగ గానవచ్చుట విశేషము.

ఇక వడ్డించు మాంసము ఎచ్చటిదో కూడ విచారింపవలసియున్నది. సమీపమునందలి పొలమునుండి వచ్చినంతమాత్రమున గోమాంసము భూమికి తేలిక గాదు. అందు రవాణావలని భారము స్వల్పము, పశుపోషణవలని భారమే ప్రధానము. అడవులు నఱికి చేసిన బీళ్లలో మేసిన పశువా, నఱికిన యడవినేలపై పండిన దాణాతో పెరిగిన పశువా యని అడిగి కొనుట భోజనశాలాధికారుల విధి.

మనదేశమున దీని నెట్లు గ్రహింపవలెను? తలసరి మాంసభోజనము ప్రపంచమున మిక్కిలి తక్కువగ నున్న దేశములలో మనదొకటి. కావున కేంబ్రిడ్జి పేరు చెప్పి మన వసతిగృహములందలి పేదవిద్యార్థి విస్తరినుండి గ్రుడ్డును తీసివేయుట న్యాయము గాదు. తగ్గింపవలసినది మితిమీరి తినువారి భాగము. ఒకరి యాచారమును వేఱొకరిపై రుద్దుటకు భూమాత పేరును వాడుకొనరాదు.

మన వసతిగృహములు గ్రహింపదగిన పాఠము ఆ మూడు కళాశాలలయందు గలదు. నీళ్లపప్పు, ఉడికియుడకని కూర వడ్డించి శాకాహారమును పొగడిన విద్యార్థి వినడు. రుచిగల కూరలు రెండు చేసి మాంసముప్రక్కన నుంచినచో, ఎవరును బలవంతపెట్టకయే అతడు వాని నెన్నుకొనును. భోజనశాలల సంస్కరణము వంటవాని శిక్షణముతో నారంభము కావలెనని మా దృఢాభిప్రాయము.