బీబీసీ మైక్రోను మేలుకొల్పడం ఎలా?

కంప్యూటరు అంటే ఏమిటో సామాన్య కుటుంబాలకు తెలియని రోజుల్లో, ప్రజలకు ఆ విద్య నేర్పాలని బ్రిటన్‌లో బీబీసీ ఒక కార్యక్రమాన్ని తలపెట్టింది. దాని కోసం కేంబ్రిడ్జిలోని ఏకార్న్ సంస్థ తయారుచేసిన యంత్రమే బీబీసీ మైక్రో. అది 1981 డిసెంబరులో వెలువడింది. 1984లో మన కేంద్ర ప్రభుత్వం పాఠశాలల కొరకు ‘క్లాస్’ అను కంప్యూటరు విద్యా పథకాన్ని ఆరంభించినప్పుడు ఎన్నుకొన్నది కూడా దీనినే. మన దేశంలో ఎందరో పిల్లలు మొట్టమొదట వేలు పెట్టిన కీబోర్డు ఇదే.

అటువంటి యంత్రమొకటి మన ఇంటికి చేరిందనుకొందాం. చూడగానే ప్లగ్గు పెట్టి స్విచ్ వేయాలనిపిస్తుంది. అక్కడే కాస్త ఆగుదాం.

స్విచ్ వేయకముందు

దీని పవర్ సప్లయిలో కరెంటును వడకట్టే చిన్న కెపాసిటర్లుంటాయి. వాటి పైపొర ఏళ్లు గడిచేకొద్దీ బీటలు వారుతుంది. ఆ బీటల గుండా తేమ లోపలికి చేరుతుంది. స్విచ్ వేసిన కొద్ది నిమిషాలకే అవి పగిలి, ఘాటైన పొగ గది నిండా కమ్ముకొంటుంది. అందుచేత వాటిని ముందే తీయించి, ‘ఎక్స్2’ తరగతికి చెందిన కొత్తవి వేయించుకోవాలి. ఖర్చు స్వల్పమే. అయితే ప్లగ్గు తీసిన తరువాత కూడా పవర్ సప్లయిలో ప్రాణాపాయం కలిగించేంత కరెంటు నిలిచి ఉండవచ్చు. కనుక ఈ పని అనుభవమున్న మెకానిక్‌కే అప్పగించాలి. పిల్లలను దగ్గరకు రానీయకూడదు. ఎర్త్ సరిగా ఉన్న మూడు పిన్నుల సాకెట్టునే వాడాలి.

మొదటి పలకరింపు

యంత్రం బాగుంటే స్విచ్ వేయగానే ఒక దీర్ఘ స్వరం, వెంటనే ఒక చిన్న బీప్ వినబడతాయి. టి.వి. తెరమీద కంప్యూటరు పేరు, దాని కింద ‘బేసిక్’ అనే మాట కనబడతాయి. అలాకాక మొదటి స్వరమే ఆగకుండా మ్రోగుతుంటే యంత్రం మేలుకోలేదన్నమాట. చాలాసార్లు కారణం చిన్నదే: సాకెట్లలోని చిప్పుల కాళ్లకు చిలుము పట్టి ఉంటుంది. ప్లగ్గు తీసి, ‘ఫిక్స్’ అని రాసియున్న నాలుగు మరలు విప్పి, చిప్పులను ఒక్కొక్కటిగా నెమ్మదిగా తీసి, అదే దిశలో తిరిగి అమర్చితే సరిపోవచ్చు.

మేలుకొన్న యంత్రంతో మొదటి పాఠంగా ‘సౌండ్ 1,-15,53,20’ అని పిల్లలచేత టైపు చేయించి, రిటర్న్ మీట నొక్కించండి. ఒక సెకను పాటు ఒక స్వరం వినిపిస్తుంది. ఇక్కడ 53 అంటే హార్మోనియం మధ్యలోని ‘సి’ స్వరం. 4 కలిపిన ప్రతిసారి స్వరం అరమెట్టు పైకి వెళ్తుంది. ఈ లెక్క తెలిస్తే పిల్లలు తమకు తెలిసిన పాటను తామే కట్టుకోగలరు.

ముందు పాత క్యాసెట్లు

యంత్రంతోపాటు క్యాసెట్లు దొరికితే, కొత్త భాగాలేవీ కొనకముందే వాటి సంగతి చూడాలి. కెపాసిటరు నేటికీ కొనుక్కోవచ్చు. కాని నలభై ఏళ్ల క్రితం ఒక ఉపాధ్యాయుడో, ఒక విద్యార్థో రాసుకొన్న ప్రోగ్రాం మరెక్కడా దొరకదు. టేపుమీద తెల్లని బూజు ఉన్నదేమో చూసి, లేకుంటే మంచి టేప్‌రికార్డరులో వేసి, ఆ శబ్దాన్ని నేటి కంప్యూటరులోనికి రికార్డు చేసి దాచుకోవాలి. బూజు ఉంటే శుభ్రపరచనిదే త్రిప్పకూడదు.

ఏమేమి చేర్చవచ్చు?

మొదట చేర్చదగినది మెమరీ కార్డు. యంత్రం అడుగునున్న ‘యూజర్ పోర్టు’కు ఒక చిన్న బోర్డు తగిలించి, దానికి తగిన రోమ్ చిప్పును లోపలి ఖాళీ సాకెట్టులో పెడితే చాలు. క్యాసెట్టు నుండి ఎక్కడానికి నిమిషాలు పట్టే ప్రోగ్రాం క్షణాల్లో వస్తుంది. అయితే ఉన్న 32 కిలోబైట్ల జ్ఞాపకశక్తిలో కొంత ఈ ఏర్పాటుకే పోతుంది గనుక క్యాసెట్ల కాలంనాటి కొన్ని పెద్ద ఆటలు ఇమడకపోవచ్చు.

రెండవది అడుగుననే ఉన్న ‘ట్యూబ్’ అనే ద్వారం. మరొక ప్రాసెసరును జోడించుటకు దీనిని ఉంచారు. సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ రూపొందించిన మొట్టమొదటి ఆర్మ్ చిప్పును 1985 ఏప్రిల్ 26న బీబీసీ మైక్రోకు జోడించే నడిపించారు. నేడు మన చేతుల్లోని సెల్‌ఫోన్లలో ఉన్నవి ఆ చిప్పు సంతతివే. అదే కుటుంబానికి చెందిన చిప్పుతో పనిచేసే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరును ఇప్పుడు ఈ ట్యూబుకే తగిలించి, పాత యంత్రానికి సహాయకునిగా వాడుకోవచ్చు.

ఈ రెండిటికీ పెట్టెకు రంధ్రం చేయనక్కరలేదు, తీగ తెంపనక్కరలేదు. వద్దనుకొన్ననాడు తీసివేయవచ్చు. తిరిగి తీయలేని మార్పు ఏదైనా సరే, చేయకపోవడమే మంచిది. మార్చిన ప్రతి భాగం పేరు, తేదీ ఒక కాగితంమీద రాసి, తీసిన పాత భాగాలతో కలిపి ఒక కవరులో భద్రపరచండి. రేపు మన పిల్లలు ఆ మూత విప్పినప్పుడు వారికి అది అవసరమవుతుంది.